షుగర్ మాత్రలు వేసుకునేవారు కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే: ప్రమాదం ఎక్కడుంది, ఏం చేయాలి

మీరు గాజువాక నుంచి రాసిన వివరాల మీదే జవాబు అంతా ఆధారపడి ఉంది కాబట్టి ముందు వాటిని ఒకచోట పెడతాను. అమ్మగారికి 61 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. గ్లిమిపిరైడ్ 2 ఎంజీ, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిసిన మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. బీపీకి ఉదయం టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. కార్తీక సోమవారాలు తెల్లవారుజామున అప్పికొండ వెళ్లి, సముద్రస్నానం, సోమేశ్వరస్వామి దర్శనం అయ్యాక, సాయంత్రం దీపం పెట్టి నక్షత్రం చూసేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. మాత్రలు మాత్రం ‘మందు మానకూడదు కదా’ అని ఉదయాన్నే తీర్థంతో వేసేసుకుంటారు. మొన్న సోమవారం సాయంత్రం నాలుగున్నరకి ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, పడుకోబెడితే గంటకి తేరుకున్నారు. అది ఉపవాసం నీరసమేనా అన్నది మీ మొదటి ప్రశ్న. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ ఖాళీ కడుపుతో చేయొచ్చా అన్నది రెండోది. మీ చెల్లెలు వీడియోలు చూసి మొదలుపెడతానంటున్న మూడు రోజుల నీళ్ల ఉపవాసం సంగతి మూడోది.

మొన్న జరిగింది ఉత్త నీరసం కాదు. పరీక్ష చేయలేదు కాబట్టి అంకె తెలియదు గానీ, ఆ మాత్ర, ఆ వేళ, ఆ లక్షణాలు కలిపి చూస్తే రక్తంలో చక్కెర పడిపోయిందనే అనుకోవాలి. వచ్చే సోమవారం అదే పద్ధతిలో ఉపవాసం ఉండనివ్వకండి. ఈలోగా ఆ మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పండి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక పగలు తినకపోతే ఏమీ కాదు. మెదడు ఒక్కటే రోజుకి దాదాపు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది. కాలేయంలో నిల్వ ఉండేది సుమారు 100 గ్రాములు. అది తరుగుతున్నకొద్దీ క్లోమం ఇన్సులిన్ విడుదల తగ్గించేస్తుంది, కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేయడం మొదలుపెడుతుంది, కొవ్వు కరిగి ఇంధనమవుతుంది. ఈ సర్దుబాటు అంతా ఇన్సులిన్ తగ్గితేనే జరుగుతుంది. గ్లిమిపిరైడ్ పనే క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయించడం. తిన్నారా లేదా అని అది చూడదు. ఒకసారి వేసుకుంటే ప్రభావం దాదాపు 24 గంటలు ఉంటుంది. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపూ కాలేయం తన నిల్వను బయటికి వదలదు. ఉదయం ఆరింటికి ఖాళీ కడుపున మాత్ర పడితే, మధ్యాహ్నం రెండు మూడు గంటల నుంచి ప్రమాదం మొదలై, సాయంత్రం దీపాల వేళకి ముదురుతుంది. అమ్మగారు గంటకి తేరుకున్నారంటే శరీరం అత్యవసరంగా చక్కెరని పెంచే హార్మోన్లు అడ్రినలిన్, గ్లూకగాన్ వదిలి ఎలాగో గట్టెక్కించిందని అర్థం. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో ఈ రక్షణ క్రమంగా మొద్దుబారుతుంది. చెమట, వణుకు లాంటి హెచ్చరికలేవీ లేకుండానే నేరుగా స్పృహ తప్పే రోజు రావచ్చు.

ఇంట్లోవాళ్లు దీన్ని గుర్తుపట్టలేకపోవడానికి కారణం ఉంది. ఉపవాసం ఉన్న మనిషి డీలాగా ఉండటం సహజమేనని అందరూ అనుకుంటారు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఆకలి నీరసంలో మనిషి నెమ్మదిస్తుంది గానీ మాట స్పష్టంగానే ఉంటుంది, ఒళ్లు పొడిగానే ఉంటుంది. చక్కెర పడిపోతున్నప్పుడు మెడ వెనక, నుదుటి మీద చల్లటి చెమట పడుతుంది. 365 ఒత్తుల కట్ట వెలిగించబోతే అగ్గిపుల్ల ఒత్తికి తగలకుండా పక్కకి పోతుంది. అడిగిందే మళ్లీ అడుగుతారు. ఎప్పుడూ విసుక్కోని మనిషి చిన్నమాటకే కసురుకుంటారు. ‘పడుకోమ్మా, కాసేపట్లో సర్దుకుంటుంది’ అని ఒంటరిగా వదిలేయడం అప్పుడు చేయకూడని పని. నూనె దీపాల ముందు, పట్టుచీరలో, చేతులు వణుకుతుంటే నిప్పు ప్రమాదం కూడా కలిసొస్తుంది. బీపీకో గుండెదడకో అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వాడేవాళ్లకి దడ, వణుకు బయటపడవు, చెమట మాత్రం పడుతుంది. వాళ్ల విషయంలో చెమటనే నమ్మాలి.

అనుమానం వస్తే వెంటనే గ్లూకోమీటరు తీయండి. వేలు గుచ్చుకుంటే వ్రతభంగం కాదు. చేతులు సబ్బుతో కడిగి, తుడిచి ఆరాకే గుచ్చండి. నైవేద్యానికి అరటిపండు ఒలిచిన చేతికో, పంచామృతం అంటిన వేలికో పరీక్ష చేస్తే అసలు 60 ఉన్నది 160 చూపించవచ్చు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్ట్రిప్పుల డబ్బా మూత తీసిన వెంటనే మూసేయాలి. తేమ తగిలిన స్ట్రిప్పు తప్పు అంకెలు చూపిస్తుంది. ఆ డబ్బా ఫ్రిజ్‌లో గానీ, స్నానాలగది దగ్గర గానీ పెట్టవద్దు.

అంకె 70 కన్నా తక్కువ వస్తే ఉపవాసం అక్కడితో ఆపేయాలి. 54 కన్నా తక్కువైతే అది తీవ్రమైన స్థితి. మీటరు దగ్గర లేకపోయినా లక్షణాలుంటే తక్కువే ఉందనుకుని వైద్యం చేయండి. 15 గ్రాముల చక్కెర ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష చేసి, ఇంకా 70 లోపే ఉంటే మరో 15 గ్రాములు ఇవ్వాలి. సాధారణంగా దీనికి మూడు చెంచాల పంచదార అరగ్లాసు నీళ్లలో కలిపి ఇమ్మంటారు. అమ్మగారికి అది పనికిరాదు, ఆ మాత్రలో వోగ్లిబోస్ ఉంది గనుక. పంచదార గ్లూకోజుగా విడిపోవడానికి పేగులో కావాల్సిన ఎంజైమునే వోగ్లిబోస్ అడ్డుకుంటుంది. అందువల్ల పంచదార, బెల్లం, పానకం ఇచ్చినా చక్కెర ఆలస్యంగా పెరుగుతుంది. ఆమెకి మందుల షాపులో దొరికే గ్లూకోజు పొడే కావాలి. సంచిలో ఒక చిన్న పొట్లం, తలగడ పక్కన ఒకటి ఎప్పుడూ ఉంచండి. అకార్బోజ్ వాడేవాళ్లకీ ఇంతే. ఇక ప్రసాదం లడ్డూ, పాలకోవా, చాక్లెట్ ఆ సమయంలో ఎవరికీ మంచివి కావు. వాటిలోని నెయ్యి, కొవ్వు చక్కెర ఒంటికి పట్టడాన్ని ఆలస్యం చేస్తాయి.

మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో నీళ్లు గానీ తీర్థం గానీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రల వల్ల పడిపోయిన చక్కెర, ఒకసారి పెరిగాక కొన్ని గంటలకి మళ్లీ పడిపోవచ్చు. ‘గ్లూకోజు ఇచ్చాం, లేచి కూర్చుంది’ అని ఊరుకోకూడదు. వెంటనే అన్నమో ఇడ్లీయో పెట్టాలి, రాత్రి అర్ధరాత్రికోసారి, తెల్లవారుజామున ఒకసారి పరీక్ష చేయాలి. స్పృహ తప్పినంత పని జరిగితే ఆస్పత్రిలో కనీసం ఒకరోజు ఉంచమని మీరే అడగండి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లలో ఈ ప్రభావం ఇంకా ఎక్కువసేపు ఉంటుంది.

ఇప్పుడు మాత్రల సంగతి. ఉపవాసం రోజున ‘మందు మానకూడదు’ అనేది సగమే నిజం. కొన్ని మానకూడదు, కొన్ని వేసుకోకూడదు, కొన్ని వేళ మార్చుకోవాలి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ భోజనంతో ముడిపడిన మందులు. ఉదయం భోజనం లేకపోతే ఉదయం మోతాదు ఉండకూడదు. సాయంత్రం భోజనంతో రాత్రి మోతాదు మాత్రమే వేసుకునేలా, ఒక్కోసారి దాన్ని కూడా తగ్గించి, డాక్టర్లు సర్దుతారు. ఉదయం మానేసిందీ రాత్రిదీ కలిపి రెండు మాత్రలు ఒకేసారి వేసుకుంటే ఆ రాత్రి నిద్రలోనే చక్కెర పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి చక్కెర పడిపోయే భయం చాలా తక్కువ. వాళ్లకి ప్రమాదం నీళ్లు తక్కువై, వాంతులు కూడా మొదలైనప్పుడు వస్తుంది. కిడ్నీ వడపోత తగ్గి మందు ఒంట్లో పేరుకుంటుంది. వాంతులు, విరేచనాలు ఉన్న రోజున మెట్‌ఫార్మిన్ ఆపడం అందుకే.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జనరిక్‌లు వచ్చి చౌకయ్యాక ఇవి చాలామందికి రాస్తున్నారు. ఇవి చక్కెరని మూత్రంలోకి పంపించేస్తాయి, దాంతోపాటు నీళ్లూ పోతాయి. నిర్జల ఉపవాసంలో ఇవి రెండు విధాలుగా దెబ్బతీస్తాయి. ఒకటి, నీటి లోటు త్వరగా వస్తుంది. రెండోది మరింత ప్రమాదకరం: కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే కీటోన్లు రక్తంలో పేరుకుని రక్తం ఆమ్లంగా మారుతుంది, అదే సమయంలో గ్లూకోమీటరు 160, 180 అని మామూలు అంకె చూపిస్తుంది. వికారం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో కూడిన గట్టి శ్వాస వస్తే చక్కెర బాగానే ఉందని ఇంట్లో కూర్చోకూడదు. ఆస్పత్రికి వెళ్లి ‘ఫలానా మాత్ర వాడుతున్నాను, ఉపవాసం ఉన్నాను, కీటోన్ పరీక్ష చేయండి’ అని మాటల్లో చెప్పాలి. పెద్ద ఆపరేషన్లకి ముందు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కనీసం మూడు రోజుల ముందే ఆపుతారు. కారణం ఇదే.

ఇన్సులిన్ వాడేవాళ్లలో 30/70 మిశ్రమం (త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన ఇన్సులిన్) ఉదయం వేసుకుని తినకపోవడం గ్లిమిపిరైడ్ కన్నా తొందరగా ముంచుతుంది. చిన్నప్పుడే మొదలయ్యే టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు మాత్రం, తినకపోయినా సరే, బేసల్ ఇన్సులిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసేది) పూర్తిగా ఆపకూడదు. ఆపితే ఒకరోజులోనే కీటోఅసిడోసిస్‌లోకి, అంటే కీటోన్లతో రక్తం ఆమ్లమయ్యే స్థితిలోకి వెళ్తారు. వాళ్లు ఉపవాసం ఉండకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మూర్ఛ మందులు, స్టెరాయిడ్లు, రక్తం పలుచబరిచే మందులు ఒక్కపూట కూడా తప్పకూడదు. గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. మూర్ఛ ఉన్నవాళ్లకి మాత్ర తప్పడం, శివరాత్రి జాగరణ రెండూ కలిస్తే ఫిట్స్ రావడానికి అంతకన్నా అనువైన పరిస్థితి లేదు. థైరాయిడ్ మాత్ర ఎటూ ఖాళీ కడుపున వేసుకునేదే, దాని గురించి ఆలోచించక్కర్లేదు.

అమ్మగారి బీపీ మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా ఉప్పు, నీళ్లు బయటికి పంపుతుంది. టెల్మిసార్టన్, నీళ్లు తక్కువైనప్పుడు కిడ్నీ తన వడపోత నిలబెట్టుకునే ఏర్పాటును అడ్డుకుంటుంది. రోజంతా చుక్క నీరు లేకుండా ఈ రెండూ వేసుకుంటే నిలబడగానే కళ్లు తిరగడం వింత కాదు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే తేలిగ్గా తెలుసుకోవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మరోసారి చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఒంట్లో నీళ్లు చాలడం లేదు, ఆ రోజు ఉపవాసం నీళ్లు లేకుండా కొనసాగకూడదు. ఆ మాత్రని సాయంత్రానికి మార్చాలా, ఆ రోజుకి మానాలా అన్నది డాక్టరుని అడిగి రాయించుకోండి. ఇంకో మాట, తెల్లవారుజామున చీకట్లో అప్పికొండ అలల్లో అమ్మగారిని ఒంటరిగా దిగనివ్వకండి. ఖాళీ కడుపు, చన్నీళ్లు, బీపీ మాత్ర కలిసి తల తిరిగితే మోకాలి లోతు నీళ్లు కూడా ఎక్కువే.

మీ అమ్మగారు వ్రతం మానమంటే వినరని రాశారు. మానమనక్కర్లేదు. కార్తీక సోమవార వ్రతానికి పెద్దలు చెప్పేవి ఆరు పద్ధతులు: ఉపవాసం, ఏకభుక్తం (పగలు ఒక్కపూట భోజనం), నక్తం (పగలంతా ఉండి నక్షత్రం చూశాక భోజనం), అయాచితం (అడగకుండా ఎవరైనా పెడితేనే తినడం), స్నానం, తిలదానం (నువ్వుల దానం). శక్తిని బట్టి ఏదైనా ఒకటి చేయమనే చెప్పారు. 61 ఏళ్ల వయసులో, ఈ మందులతో, స్నానమూ దీపమూ చేసుకుని మితంగా మూడుపూటలా తినడం అన్నిటికన్నా సురక్షితం. అంతకు ఒప్పుకోకపోతే ఏకభుక్తం మేలు: ఉదయం గ్లిమిపిరైడ్ లేకుండా పాలు, ఒక పండు తీసుకుని, మధ్యాహ్నం పన్నెండుకి మాత్రతో పూర్తి భోజనం. గ్లిమిపిరైడ్ రాత్రంతా పనిచేస్తుంది కాబట్టి రాత్రి పూర్తిగా ఖాళీ కడుపుతో పడుకోకూడదు. ఒక గ్లాసు పాలు, గుప్పెడు అటుకులైనా తీసుకోవాలి. పడుకునే ముందు చక్కెర 100 కన్నా తక్కువుంటే ఇంకొంచెం తినాలి. నక్తమే ఉంటానంటే రోజంతా నీళ్లు, పలుచటి ఉప్పు మజ్జిగ తాగాలి. ఉదయం, పదకొండింటికి, రెండింటికి, నాలుగింటికి, భోజనం ముందు పరీక్ష చేయాలి. మందు మార్పు డాక్టరు రాసిచ్చి ఉండాలి. నిర్జల ఉపవాసం మాత్రం ఏ రూపంలోనూ వద్దు. రంజాన్ ఉపవాసాల కోసం అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య పెట్టిన హద్దులు ఇక్కడా పనికొస్తాయి: 70 కన్నా తగ్గినా, 300 దాటినా, ఒంట్లో బాగోలేకపోయినా, అప్పటికప్పుడు విరమించాలి. సూర్యాస్తమయానికి పది నిమిషాలే ఉన్నా సరే.

విరమించే తీరులోనూ తప్పులు జరుగుతాయి. నక్షత్రం చూసి, ఆకలి మీద పులిహోర, గారెలు, బూరెలు, పరమాన్నం ఒకేసారి తింటే రాత్రి పదింటికి చక్కెర 300 దాటుతుంది, కడుపు ఉబ్బరంతో నిద్ర ఉండదు. ముందు ఒక గ్లాసున్నర నీళ్లు నెమ్మదిగా తాగి, పదినిమిషాలు ఆగి, మాత్ర వేసుకుని, పెసరపప్పు, కూర, పెరుగుతో ఒక కప్పు అన్నం చాలు. నాగులచవితి నాటి చలిమిడి, చిమ్మిలి నిమ్మకాయంత ఉండతో ఆపాలి. మనవైపు ‘అన్నం మానేశాను, ఫలహారమే’ అంటూ నాలుగు దోసెలో, గిన్నెడు ఉప్మానో, సగ్గుబియ్యం పాయసమో తింటారు. సగ్గుబియ్యం దాదాపు పూర్తిగా పిండిపదార్థమే. షుగర్ ఉన్నవాళ్లకి అది అన్నం కన్నా తేలికైనది ఎంతమాత్రం కాదు.

గిరిప్రదక్షిణ ప్రశ్నకి వద్దాం. కొండ మొదటి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా తిరిగి సింహాచలం చేరేసరికి 32 కిలోమీటర్లు. ఆగకుండా నడిచినా ఎనిమిది గంటల పని, ఆగుతూ వెళ్తే పది పన్నెండు గంటలు. ఆషాఢ పౌర్ణమి నాటికి విశాఖలో ఎండ కన్నా ఉక్కపోత దారుణం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అలాంటి నడకలో గంటకి అరలీటరు నుంచి లీటరు దాకా చెమట పోవచ్చు. నడక వల్ల కండరాలు చక్కెర లాక్కుంటాయి కాబట్టి గ్లిమిపిరైడ్ ప్రభావం రెట్టింపైనట్టు అవుతుంది. ఖాళీ కడుపుతో అమ్మగారు ఈ నడక చేయకూడదు. ఇందులో ఇంక ఆలోచించేది లేదు.

తిని నడిచేవాళ్లు కూడా రెండు పొరపాట్లు చేస్తారు. దారిపొడవునా ఇచ్చే ఉత్త మంచినీళ్లే లీటర్లకొద్దీ తాగడం ఒకటి. చెమటలో ఉప్పు పోతుంది, లోపలికి నీళ్లే వెళ్తాయి, రక్తంలో సోడియం పడిపోతుంది. హైడ్రోక్లోరోథయజైడ్ వాడే వయసు మళ్లిన ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ. తలనొప్పి, వికారం, అయోమయం, చివరికి ఫిట్స్ దాకా వెళ్తుంది. ఓఆర్ఎస్ పొట్లం మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్నదే కొని, పొట్లం మొత్తం దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలపండి, సగం గ్లాసులో సగం పొట్లం వద్దు. అందులో లీటరుకి 75 మిల్లీమోల్ సోడియం ఉంటుంది. ఇంట్లో చేసుకుంటే లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. పళ్లరసంలా అమ్మే తియ్యటి డబ్బా పానీయాలు దీనికి బదులు కావు. కొబ్బరి బొండంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటకి అది సరైన బదులు కాదు. కిడ్నీ జబ్బు ఉండి టెల్మిసార్టన్ లాంటివి వాడేవాళ్లకి రెండు మూడు బొండాలు పొటాషియాన్ని గుండె లయ తప్పేంతగా పెంచవచ్చు.

రెండోది మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాకో ఐబుప్రొఫెనో వేసుకుని నడవడం. టెల్మిసార్టన్, మూత్రం తెప్పించే మాత్ర, నొప్పి మాత్ర, వీటికి తోడు నీటి లోటు కలిస్తే కిడ్నీ ఒక్కరోజులో దెబ్బతినవచ్చు. నొప్పికి పారాసిటమాల్ వాడండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలవాళ్లు, షుగర్ లేకపోయినా, నిర్జల ఉపవాసానికీ ఇలాంటి నడకలకీ ముందు ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి. ఆ ప్రాంతపు కిడ్నీ జబ్బు చాలాకాలం లక్షణాలు లేకుండానే ముదురుతుంది.

ఇక మీ చెల్లెలు. వయసు 30, వేరే జబ్బులు లేవని రాశారు. బరువు రాయలేదు. అది ముఖ్యం. ఎత్తుకి తగ్గ బరువు సూచిక (బీఎంఐ) 18.5 కన్నా తక్కువైతే, గర్భవతి అయితే, పాలిచ్చే తల్లి అయితే, గతంలో తిండి మానేసి వాంతులు చేసుకునే అలవాటుంటే, ఒక్కరోజు కూడా వద్దు. ఇవేవీ లేకపోతే మూడు రోజులు ప్రాణాపాయం కాకపోవచ్చు గానీ ఆశించిన లాభం ఉండదు. మొదటి రెండు రోజుల్లో కాటా మీద తగ్గేది ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో గ్లూకోజు నిల్వ ఉండే రూపమైన గ్లైకోజెన్‌లో ఒక్కో గ్రాముతో దాదాపు మూడు గ్రాముల నీరు ఉంటుంది, తినగానే తిరిగి వస్తుంది. మొదటి రోజుల్లో మెదడుకి గ్లూకోజు తయారుచేయడానికి రోజుకి 75 గ్రాముల దాకా ప్రొటీన్ కరుగుతుంది, అందులో ఎక్కువ కండరాలదే. కాఫీ అలవాటున్నవాళ్లకి మొదటి రోజు వచ్చే తలనొప్పి ‘విషాలు బయటికి పోవడం’ కాదు, కాఫీ మానినందుకు వచ్చేది. యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లకి కీటోన్లు దాని విసర్జనకి అడ్డుపడి గౌట్ అనే కీళ్ల నొప్పి రావచ్చు. తరచూ ఇలా చేసి వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. ఉపవాసంతో పాటు విరేచనాల మందు, ఎనిమా కూడా చేయమని ఆ వీడియోలో ఉంటే అసలే వద్దు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది.

ఆ వీడియోల్లో 382 రోజులు తినకుండా ఉన్న మనిషి గురించి చెబుతారు. అది నిజమే. 1965లో స్కాట్లండ్‌లోని డండీలో, 207 కిలోల బరువున్న ఒక యువకుడు ఆస్పత్రి పర్యవేక్షణలో అలా ఉన్నాడు. విటమిన్లు, పొటాషియం ఇస్తూ, రక్త పరీక్షలు చేస్తూ గడిపారు. ఒంట్లో అంత కొవ్వు నిల్వ ఉంది కాబట్టి గడిచింది. ఆ కాలంలోనే అలాంటి చికిత్సల్లో చనిపోయినవాళ్లూ ఉన్నారు, వీడియోల్లో ఆ మాట రాదు. మన దగ్గర పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన దీక్ష 58వ రోజున, డిసెంబరు 15న, ప్రాణం తీసుకుంది. కొవ్వు అయిపోయాక శరీరం గుండె కండరాన్ని, ఊపిరి పీల్చే కండరాలని కూడా కరిగించుకుంటుంది.

ఐదు రోజులకి మించి దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా భోజనం పెట్టడం ఉపవాసం కన్నా ప్రమాదం. ఇన్సులిన్ ఒక్కసారి పెరిగి ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం రక్తంలోంచి కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పడం, ఊపిరి కండరాలు చాలకపోవడం, ఫిట్స్ రావచ్చు. అందుకే అలాంటివారికి ఆస్పత్రిలో థయమిన్ (విటమిన్ బి1) ముందుగా ఇచ్చి, కిలో బరువుకి రోజుకి 10 క్యాలరీలతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూస్తూ పెంచుతారు. రోజూ మద్యం తాగేవాళ్లలో ఈ ముప్పు తక్కువ రోజులకే వస్తుంది.

మద్యం మాట వచ్చింది కాబట్టి మీరు అడగకపోయినా చెబుతాను, ఈ నెలలోనే అయ్యప్ప మాలలు వేసుకునేది. ఏళ్లుగా రోజూ తాగే మనిషి మాల వేసుకున్న రోజే పూర్తిగా మానేసి, ఒంటిపూట భోజనంతో ఉంటే, 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య వణుకు, జ్వరం, లేనివి కనిపించడం, కలవరింతలు మొదలవ్వచ్చు. దీన్ని దేవుడు పూనడం అనుకుని ఇంట్లో ఉంచేసుకోవడం వల్ల ప్రాణాలు పోతాయి. మాల వేసుకునే ముందే డాక్టరుని కలిస్తే, మానడం తేలికయ్యే మందులు, థయమిన్ రాస్తారు. దీక్ష నిలుస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మగారి మాత్రల అట్టలన్నీ చీటీతో సహా పట్టుకెళ్లండి. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, సోడియం, పొటాషియం ముందే చేయించండి, మూడు నెలల్లోపు చేయించినవి బాగానే వచ్చినా సోడియం, పొటాషియం మళ్లీ చూపించండి. ఉపవాసం రోజుకి ఏ మాత్ర, ఏ వేళ, ఎంత అన్నది విడిగా ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం పూజగదిలో, పంచాంగం పక్కన అతికించండి. పౌర్ణమికీ, మిగిలిన సోమవారాలకీ, మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్లే రోజులకీ అదే వర్తిస్తుంది. ఒక్క మాత్ర మారినా మళ్లీ రాయించుకోవాలి.